ప్యాకెట్టుల నష్టము: సగటు దాచిన సంగతి

హైదరాబాదునకు ఉత్తరమున, కరీంనగరు రహదారికిని నాగపూరు రహదారికిని నడుమ దేవరయాంజాల్ అను గ్రామము కలదు. అచ్చటి విద్యార్థి యొకడు ఇంటివద్ద సెల్‌ఫోనులో గణిత పాఠము వినుచున్నాడనుకొందము. ఉపాధ్యాయుడు "రెండు ఎక్స్ మైనస్ మూడు" అనెను. విద్యార్థికి "రెండు ఎక్స్" అనియు, కొంచెము ఆగి "మూడు" అనియు మాత్రమే వినబడెను. మైనస్ పోయినది, లెక్క తప్పినది. ఈ పాఠముల యాప్‌ను తయారుచేసినవారు దానిని పరీక్షింపలేదా? పరీక్షించియే యుందురు. అయితే ఆ పరీక్షకు ఎట్టి సమాచారమును ఆధారము చేసికొనిరి? ఇదియే మన విమర్శకు విషయము.

ఇంటర్నెట్టులో మాట ఒకే ధారగా పోదు. దానిని ప్యాకెట్టులుగా విడగొట్టి, ఒక్కొక్కదానికి వరుస సంఖ్య వేసి పంపుదురు. సాధారణముగా ఒక ప్యాకెట్టులో 20 మిల్లీసెకండ్ల ధ్వని యుండును. అనగా సెకండుకు 50 ప్యాకెట్టులు. దారిలో రద్దీ హెచ్చినను, రేడియో సంకేతము క్షీణించినను కొన్ని పోవును. వేయింటిలో 20 పోయినచో నష్టము నూటికి 2 అందురు.

ఆ ఇరువదియు ఏబదింటికొకటి చొప్పున చెదరి పోయినచో బాధ లేదు. ముందటి ధ్వనిని అనుకరించి ఫోను ఆ ఖాళీని పూడ్చును, చెవి గుర్తింపదు. ఇరువదియు వరుసగా పోయినచో 400 మిల్లీసెకండ్ల మాట మాయమగును. "మైనస్" అనుటకు దాదాపు అంతే కాలము పట్టును. జి.711 అను ధ్వని పద్ధతికి 1999లో చేర్చిన పూరణ విధానము సైతము 60 మిల్లీసెకండ్లు దాటగనే నిశ్శబ్దమునకు దిగును. రెండు సందర్భములందును సగటు ఒక్కటే. ఫలితము మాత్రము వేరు.

వాన విషయమున ఇది మనకు తెలిసినదే. హైదరాబాదులో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వర్షము కురియును. 2000 ఆగస్టు 24న ఒక్కరోజుననే సుమారు 24 సెంటీమీటర్లు కురిసినది. ఏడాది సగటును మాత్రమే చూచి కాలువ కట్టినవాని కాలువ ఆనాడు నిలుచునా?

అయినను ప్రయోగశాలలలో నేటికిని ఎక్కువగా జరుగుచున్నది సగటు పరీక్షయే. లినక్సులో నెట్‌ఎమ్ అను సాధనము కలదు. "నూటికి 2 పోగొట్టుము" అన్నచో పోగొట్టును. కాని ఒక్కొక్క ప్యాకెట్టునకు విడివిడిగా నాణెము ఎగురవేసినట్లే చేయును. ఈ లెక్కను వరుసగా రెండు పోవుట 2,500లో ఒకసారి. మూడు పోవుట 1,25,000లో ఒకసారి. ఇరువది పోవుట ఎన్నటికిని జరుగదనియే చెప్పవచ్చును. కనుక మన విద్యార్థి కష్టము ఆ పరీక్షలో కనబడనే కనబడదు.

దీనికి విరుగుడు పాతదే. 1960లో బెల్ ప్రయోగశాలలకు చెందిన గిల్బర్టు, తీగపై దోషములు గుంపులుగా వచ్చునని గ్రహించి, రెండు స్థితుల నమూనాను ప్రతిపాదించెను: ఒకటి మంచి స్థితి, రెండవది చెడు స్థితి. సరాసరిన 980 ప్యాకెట్టులు మంచి స్థితిలోను, 20 చెడు స్థితిలోను నడచుననియు, చెడు స్థితిలో అన్నియు పోవుననియు పెట్టినచో నష్టము నూటికి 2 గానే యుండును; తెగుదలలు మాత్రము నిజమునకు దగ్గర పడును. నెట్‌ఎమ్‌లో ఈ నమూనా కూడ కలదు. ఇక 980, 20 అను అంకెలు ఎచ్చటినుండి తేవలెనన్నదే ప్రశ్న.

ఇచ్చటనే జాగ్రత్త వలయును. 1997లో ప్రకటితమైన పాక్సన్ పరిశోధన 35 స్థలముల నడుమ 20,000 బదిలీలను పరిశీలించి, నష్టములు గుంపులుగా వచ్చునని చూపినది. గొప్ప కృషియే, కాని ఆ కాలపు అంకెలు నేటి సెల్‌ఫోనునకు పనికిరావు. 1995లో స్టాన్‌ఫర్డులో ఆరంభమైన పింగర్ పథకము అరగంటకొకసారి కొలిచెను. అరసెకండు తెగుదల దానికి చిక్కదు. 2009లో ఆరంభమైన ఎమ్-ల్యాబ్ కొలతలు అందరికిని ఉచితముగా లభించును. కాని వేగ పరీక్షను తమంతట తాము నడుపుకొనువారి కొలతలే అవి. భారత టెలికాం నియంత్రణ సంస్థ 2006లో బ్రాడ్‌బాండునకు నూటికి 1 లోపు నష్టమని హద్దు పెట్టెను. సేవను తనిఖీ చేయుటకు అట్టి హద్దు అవసరమే. అనుకరణ ప్రయోగమునకు చాలదు.

మరి రెండు మెలికలు కలవు. సెల్‌ఫోను జాలములో పోయిన భాగమును గోపురము తరచు మరల పంపును. అందుచే నష్టము ఆలస్యముగా మారును. మాటకు ఆలస్యముగా వచ్చిన ప్యాకెట్టు పోయినదానితో సమానమే. కావున రాకను మాత్రమే గాక రాక వేళను కూడ వ్రాయవలెను. రెండవది, రద్దీవలని నష్టమునకు మనము పంపునదియు కొంత కారణము. వీడియో ఆపి ధ్వని మాత్రమే పంపినచో నష్టము తగ్గవచ్చును. ఒకనాడు వ్రాసికొన్న పట్టికను యథాతథముగా తిరిగి నడుపువారు ఈ మార్పును చూడలేరు.

కాబట్టి శ్రేష్ఠమైన సమాచారము వినువాడు కూర్చున్న చోటనే లభించును. ఉన్నత పాఠశాలలోనే ఇది చేయవచ్చును. తమ అధీనములోని రెండు కంప్యూటరుల నడుమ సెకండుకు 50 చొప్పున వరుస సంఖ్యలు గల చిన్న ప్యాకెట్టులు పది నిమిషములు పంపుడు. మొత్తము 30,000 అగును. ఒకటి పాఠశాలలోను, మరియొకటి దూరమునను ఉండవలెను. వచ్చినదానికి 1, రానిదానికి 0 వేసి, ప్రక్కన రాక వేళ వ్రాయుడు. వరుస సున్నల గుంపులను లెక్కించి, ఎంత పొడవు గుంపులు ఎన్ని యున్నవో పటము గీయుడు. ఉదయము, సాయంకాలము, ఇంటి లోపల, ఆరుబయట వేర్వేరుగా చేయుడు.

2020లో పాఠశాలలు మూతపడినపుడు అనేక గృహములలో ఫోనే తరగతి గది యైనది. ఆనాడు వినబడని మాటకు విద్యార్థి తన అశ్రద్ధయే కారణమని మాట పడియుండవచ్చును. సరియైన కొలత యున్నచో ఆ నింద వానిపై పడదు.