'అంగారే' నిషేధం: మతవిశ్వాసం, రచయిత ఉద్దేశం

వ్యాససంగ్రహం: 1932 డిసెంబరులో లక్నోలో వెలువడిన ఉర్దూ సంకలనం 'అంగారే' (నిప్పులు) 1933 మార్చిలో నిషేధానికి గురైంది. ఆ నిషేధంపై జరిగిన చర్చ చాలావరకు సంకలనాన్ని ఒకే గొంతుగా పరిగణించింది. అందులోని రచనలను విడివిడిగా చదివినప్పుడు మతావమానం అనే అభియోగం ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంగారే, రషీద్ జహాన్, 295ఎ సెక్షన్, భావప్రకటనా స్వేచ్ఛ, ఉర్దూ అభ్యుదయ సాహిత్యం.

1. చట్టం పుట్టుక

భారత శిక్షాస్మృతిలోని 295ఎ సెక్షన్ పుట్టుకే ఒక పుస్తకంతో ముడిపడి ఉంది. ప్రవక్త మహమ్మద్ వ్యక్తిగత జీవితాన్ని హేళన చేస్తూ లాహోరులో వెలువడిన 'రంగీలా రసూల్' కేసులో ప్రచురణకర్తను లాహోర్ హైకోర్టు 1927లో విడిచిపెట్టింది. కీర్తిశేషుడైన మతప్రవక్తపై చేసిన దాడి అప్పటికి అమలులో ఉన్న 153ఎ సెక్షన్ పరిధిలోకి రాదన్నది తీర్పు సారాంశం. ముస్లింల ఆవేదన తీవ్రరూపం దాల్చింది. ఆ ఏడాదే కొత్త సెక్షన్ చట్టమైంది. 1929లో ఆ ప్రచురణకర్త హత్యకు గురయ్యాడు.

కొత్త సెక్షన్‌లో 'బుద్ధిపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన' అవమానమే నేరమన్న నియమం ఉంది. చరిత్ర రచనకు, చిత్తశుద్ధితో చేసే మతవిమర్శకు రక్షణ ఉండాలని కేంద్ర శాసనసభ చర్చలో జిన్నా సైతం కోరాడు. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను సమర్థించినప్పుడు కూడా, అజాగ్రత్తగానో తెలియకనో జరిగిన అవమానం దీని కిందికి రాదని స్పష్టం చేసింది. కనుక నేరనిర్ణయం రచయిత ఉద్దేశంపై ఆధారపడి ఉంటుంది. ఉద్దేశాన్ని నిర్ధారించాలంటే రచనను చదవవలసి ఉంటుంది.

సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 'అంగారే'ను 295ఎ ఆధారంగానే నిషేధించింది. అయితే ప్రతుల స్వాధీనానికి ప్రభుత్వ ప్రకటన ఒక్కటి చాలు. ముందుగా రచయితలను న్యాయస్థానంలో విచారించి దురుద్దేశాన్ని రుజువు చేయవలసిన అవసరం లేదు. చట్టానికి ఆయువుపట్టు వంటి ప్రశ్న అడగకుండానే ప్రతులు ధ్వంసమయ్యాయి.

2. సంకలనంలోని భిన్న స్వరాలు

సజ్జాద్ జహీర్ కథలు ఐదు, అహ్మద్ అలీ కథలు రెండు, మహ్మూదుజ్జఫర్ కథ ఒకటి, రషీద్ జహాన్ కథ ఒకటి, ఆమెదే ఏకాంకిక ఒకటి: మొత్తం పది రచనలు. వీటిలో ఎక్కువ ఆగ్రహానికి గురైన వాటిలో జహీర్ రాసిన 'జన్నత్ కీ బషారత్' ఒకటి. రంజాన్ మాసపు పవిత్రరాత్రి ప్రార్థనలో కూర్చున్న మౌలానా నిద్రలోకి జారుకొని స్వర్గంలో హూరీలను కలగంటాడు. మెలకువ వచ్చేసరికి అతని గుండెకు ఖురాన్ హత్తుకొని ఉంటుంది. పక్కన భార్య నవ్వుతూ ఉంటుంది. ఇక్కడ వ్యంగ్యానికి గురి మౌలానా కపట సంయమనమే. కాని పవిత్రగ్రంథాన్ని ఆ దృశ్యంలోకి లాగడంతో బాణం మౌలానా దగ్గర ఆగలేదు. భక్తుడైన పాఠకుడు నొచ్చుకుంటే అతన్ని ఛాందసుడని తోసిపుచ్చడం విమర్శకు తగదు. జహీర్ స్వయంగా 'రోష్నాయీ'లో, ఆ కథల్లో గాంభీర్యం తక్కువని, ఆవేశం ఎక్కువని అంగీకరించాడు. అది కళాలోపమే. కళాలోపాన్ని దురుద్దేశంగా లెక్కించడం మాత్రం పొరపాటు.

రషీద్ జహాన్ విషయం వేరు. వృత్తిరీత్యా వైద్యురాలైన ఆమె రాసిన 'దిల్లీ కీ సైర్'లో, ఢిల్లీ చూపిస్తానని తీసుకువచ్చిన భర్త స్నేహితుడితో వెళ్లిపోతే, బురఖాలో ఉన్న మల్కా బేగం రైల్వే స్టేషన్‌లో సామాను దగ్గర కూర్చుండిపోతుంది. ఆమె చూసిన ఢిల్లీ అంతే. 'పర్దే కే పీఛే' ఏకాంకికలో వరస కాన్పులతో ఒళ్లు చితికిపోయిన మహమ్మదీ బేగం మరో స్త్రీతో తన గోడు వెళ్లబోసుకుంటుంది. ఈ రెండింటిలో విమర్శ భర్త అధికారం మీద, స్త్రీ శరీరం మీద. ఆమె వినిపించినది ముస్లిం గృహంలోని స్త్రీ మాట. మతగౌరవం పేరుతో వచ్చిన ఉత్తర్వు ఆ మాటను కూడా అణచివేసింది. బెదిరింపులను ఎక్కువగా ఎదుర్కొన్నదీ, 'అంగారేవాలీ' అన్న పేరు మోసినదీ ఆమే కావడం గమనార్హం.

విశ్వాసుల మనోభావాలకూ రచయిత స్వేచ్ఛకూ మధ్య జరిగిన ఘర్షణగా మాత్రమే ఈ ఉదంతాన్ని చూస్తే ఈ స్త్రీలు కనుమరుగవుతారు. ఒక సమాజపు మనోభావాలను ఎవరు నిర్వచిస్తున్నారు? మల్కా బేగం మనసుకు అందులో చోటుందా? నాటి చర్చలో ఈ ప్రశ్నకు తావు దొరకలేదు.

3. రచయితల సమాధానం

అభ్యుదయ సాహిత్యోద్యమ చరిత్రను 1936 లక్నో మహాసభతో ప్రారంభించడం తెలుగు పరిశోధనలో పరిపాటి. దాని బీజం మాత్రం 1933 ఏప్రిల్ 5న అలహాబాద్ పత్రిక 'లీడర్'లో మహ్మూదుజ్జఫర్ ప్రచురించిన ప్రకటనలో ఉంది. అభ్యుదయ రచయితల సంఘాన్ని ప్రతిపాదించిన ఆ ప్రకటన క్షమాపణకు నిరాకరించింది. ఇస్లాంపై ప్రత్యేకమైన ద్వేషం ఏదీ తమకు లేదని, ఆ సమాజంలో పుట్టినవారు కావడం వల్ల దాని గురించి మాట్లాడే అర్హత తమకు ఎక్కువని భావించామని అందులో వివరణ ఉంది. ఆ సమాజంలో పుట్టడమే ప్రతి వాక్యాన్నీ సమర్థించదు. జహీర్ కథ దానికి నిదర్శనం. అయినా 295ఎ అడిగిన ఉద్దేశమనే ప్రశ్నకు రచయితలు నేరుగా ఇచ్చిన సమాధానం అదే. న్యాయస్థానంలో నమోదు కావలసిన ఆ సమాధానం, ప్రతులు స్వాధీనమైన మూడు వారాలకు ఒక దినపత్రికలో అచ్చయింది.