ఉడుము, సాండా: ఎండను ఓర్చే రెండు తీర్లు

ములకలపల్లి ఎడారి కాదు. పాల్వంచకూ అశ్వారావుపేటకూ నడుమ ఉన్న ఈ అడవి మండలంలో వానాకాలం వాగులు పొంగుతాయి. అయినా తునికాకు కోతకు జనం అడవి బాట పట్టే రోజులకు చెట్లు ఆకు రాల్చి, నేల కాగి, రోహిణి కార్తె వచ్చేసరికి ఇది ఎడారి వేషం కడుతుంది. ఆ నెలల్ని గట్టెక్కే మన ఉడుమునూ, ఏడాది పొడుగునా కరువులోనే కాపురముండే థార్ ఎడారి ముళ్లతోక బల్లి సాండానూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఉడుము గొప్పతనం ఎంతో అప్పుడు తేలుతుంది.

సాండా పెద్దయ్యాక దాదాపు శాకాహారి. జైసల్మేరు, కచ్ ప్రాంతాల గట్టి నేలలో ఎవరి బొరియ వాళ్లదే. పొద్దెక్కాక బయటికొచ్చి గడ్డీ ఆకులూ మేస్తుంది, ఎండ ముదిరితే లోపలికి పోయి బొరియ మూతిని మట్టితో పూడ్చుకుంటుంది. దానికి కావలసిన నీళ్లు చాలామటుకు తిండిలోంచే వస్తాయి. ఒంట్లో మిగిలిన ఉప్పు ముక్కులోని గ్రంథుల గుండా బయటికి పోతుంది. ముళ్ల తోకలో కొవ్వు దాచుకుని చలికాలమంతా బొరియలో పడుకుంటుంది. ఇంత పొదుపు చూస్తే ముచ్చటేస్తుంది, కాస్త భయమూ వేస్తుంది. ఆ బతుకంతా ఒక్క కన్నం చుట్టూనే తిరుగుతోంది మరి.

ఉడుముకు ఇల్లు పట్టని బతుకు. పురుగులు, ఎలుకలు, కప్పలు, పక్షి గుడ్లు, చచ్చిన జంతువుల మాంసం, ఏదైనా సరే, వెతుక్కుంటేనే కడుపు నిండుతుంది. చీలిన నాలుకతో గాలిలోని వాసనలు పట్టుకుంటూ తిరుగుతుంది. అలా తిరిగే జీవికి పొదుపు కుదరదు. నీళ్లు తాగాలి, ఈత కూడా బాగా వచ్చు. మిట్టమధ్యాహ్నం చెట్టు తొర్రలోకో బండ సందులోకో చేరి ఎండ తప్పించుకుంటుంది. దాని అసలు తెలివి నాకు గుడ్ల దగ్గర కనిపిస్తుంది. చాలాసార్లు చెదలపుట్ట తవ్వి అందులో పెడుతుంది. పుట్ట లోపల చెమ్మ, వేడి నిలకడగా ఉంటాయి. పిల్లలు బయటికి రావడానికి అయిదున్నర నుంచి ఎనిమిది నెలలకు పైగా పట్టే గుడ్లకు అంతకన్నా మంచి చోటేముంది? సాండా తన కన్నం తాను తవ్వుకుంటే, ఉడుము చెదపురుగులు కట్టిన ఇంటిని వాడుకుంటుంది.

ఉడుంపట్టు అనగానే మనకు గోళ్లే గుర్తొస్తాయి. నిజానికి సగం పట్టు ఊపిరిది. సందులో దూరి గాలి పీల్చి ఒళ్లు ఉబ్బించుకుంటే, తోక పట్టి లాగినా రాదు. సాండా కూడా బొరియలో ఇదే పని చేస్తుంది, పైగా ముళ్ల తోకను అడ్డుపెట్టి కొడుతుంది. ఈ విద్యలో రెండూ సమానమే, మనం మాత్రం నుడికారం ఒక్కదానికే ఇచ్చాం.

మనుషుల చేతుల్లో రెండింటి గతీ ఒకటే. సాండా కొవ్వు కాచి మగతనానికనీ కీళ్లనొప్పులకనీ నూనెగా అమ్ముతారు. ఉడుమును మాంసానికి చంపుతారు, తోలును కంజీరకు బిగించారు. హత్తాజోడి పేరుతో పూజకు అమ్మే ‘వేరు’ చాలావరకు ఎండబెట్టిన మగ ఉడుము జననాంగమేనని 2017లో బయటపడింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రెండింటికీ వర్తిస్తుంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో ఉడుము మొదటి అనుబంధంలో, సాండా రెండో అనుబంధంలో ఉన్నాయి. నా లెక్కలో మాత్రం ఎక్కువ ముప్పు సాండాకే. బొరియ ఎక్కడుందో తెలిస్తే చాలు, వేటగాడికి వెతికే పని లేదు.

నేల మారినప్పుడు కూడా ఇదే తేడా. ఇందిరాగాంధీ కాలువ నీళ్లు పారి పైరు ఎక్కిన థార్ నేలలో నాగలి బొరియల్ని చెరిపేస్తుంది. ములకలపల్లి, దమ్మపేట వైపు పరుచుకున్న ఆయిల్ పామ్ తోటల్లో ఉడుముకు తిండికి ఎలుకైనా దొరుకుతుంది. ట్రాక్టరు పుట్టల్ని చదును చేసినా, మామూలు నేలలో గొయ్యి తీసి గుడ్లు పెట్టడం దానికి చేతనవును. అందుకని నేనైతే ఉడుము మీదే పందెం కాస్తాను, వేటకుక్కలు దాని జాడ పట్టనంతవరకు.