తొడ కొడితే ఎన్ని జౌళ్లు?

2003 జనవరిలో డిస్కవరీ ఛానల్‌లో 'మిత్‌బస్టర్స్' మొదలైంది. అదే ఏడాది మన దగ్గర 'పల్నాటి బ్రహ్మనాయుడు' వచ్చింది. జేమీ హైనెమన్, ఆడమ్ సావేజ్ అని అమెరికాలో ఇద్దరు సినిమా ఎఫెక్ట్స్ పనివాళ్లు. జనం నోళ్లలో నానే వింతల్నీ, సినిమా ఫీట్లనీ పట్టుకొచ్చి, నిజమో కాదో చేసి చూడటం మొదలుపెట్టారు. సరిగ్గా ఆ ఏడే ఆ తెలుగు సినిమాలో బాలకృష్ణ తొడ కొడితే రైలు వెనక్కి నడిచింది. ఇంత చక్కటి ముహూర్తం కుదరడం అరుదు.

ఆ రైలు సీను ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. కువైట్‌లో మేముండే సబా అల్ సలేంలో మా బిల్డింగ్ పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. తెలుగు చదవడం రాదు గానీ ఆ సీను మాత్రం అందరికీ తెలుసు. చూస్తారు, పకపకా నవ్వుతారు, వేలితో పైకి తోసేస్తారు. నవ్వొద్దని ఎవరంటారు? కానీ అంతటితో వదిలేస్తే అంత మంచి సీను వృథా పోయినట్టే నాకనిపిస్తుంది. ఒక శుక్రవారం వాళ్లను కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేయించాను.

రైలు బరువు వెయ్యి టన్నులు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అనుకుందాం. దాని గతిశక్తి దాదాపు 14 కోట్ల జౌళ్లు. మనిషి చెయ్యెత్తి చరిస్తే, ఉదారంగానే వేసుకుందాం, వంద జౌళ్లు. అంటే రైలు ఆగడానికే 14 లక్షల సార్లు తొడ కొట్టాలి. తిండీ నిద్రా మాని సెకనుకు రెండు చొప్పున కొట్టినా ఎనిమిది రోజులు పడుతుంది. వెనక్కి పంపడం ఆ తర్వాతి మాట. ఇంతా చేసి ఆ దెబ్బ తగిలేది రైలుకు కాదు, తన తొడకే. పిల్లలు దీనికే ఎక్కువ నవ్వారు. ఒక పాప మాత్రం నవ్వు ఆపి, "మరి రైలు చిన్నదైతే అంకుల్? బాగా మెల్లగా వస్తుంటే?" అంది. నేను లెక్క వేయించింది ఆ ప్రశ్న కోసమే.

'మిత్‌బస్టర్స్' అంటే పేలుళ్లే గుర్తుంటాయి చాలామందికి. నాకు గుర్తున్నది వాళ్ల పద్ధతి. కథలో ఎలా చెప్పారో ముందు అలాగే చేసి చూస్తారు. జరగలేదనుకోండి, సామాను సర్దుకుని ఇంటికి పోరు. సరే, ఆ ఫలితం రావాలంటే ఏమేం కావాలి అని రెండో పని మొదలుపెడతారు. అసలు చదువంతా ఆ రెండో పనిలోనే ఉంది. మొదటి సగం చూసి టీవీ కట్టేసినవాడికి 'అంతా అబద్ధం' అనే ఒక్క ముక్కే మిగులుతుంది. ఆ ముక్క ఇంట్లో కూర్చుని కూడా అనొచ్చు.

నీళ్లలో గుండ్ల సంగతే తీసుకోండి. హీరో చెరువులోకి దూకుతాడు, పైనుంచి విలన్ మనుషులు కాలుస్తారు, తెల్లటి బుడగల గీతలు గీసుకుంటూ తూటాలు హీరో చెవుల పక్కనుంచి పోతాయి. ఇది ఉత్తదేనని కొట్టిపారేయడానికి మనమంతా సిద్ధంగా ఉంటాం. వాళ్లు కాల్చి చూశారు. శబ్దం కంటే వేగంగా వచ్చే రైఫిల్ తూటాలు మూడడుగుల నీళ్లు దాటకుండానే ముక్కలైపోయాయి. నిదానంగా వచ్చే పిస్తోలు గుండు మాత్రం ఎనిమిది అడుగుల దాకా ప్రమాదమే. ఎంత వేగంగా కాల్చే తుపాకీ అయితే నీళ్లలో అంత పనికిరానిదన్నమాట. వేగం పెరిగేకొద్దీ నీరు గోడలా అడ్డం పడుతుంది. హీరో బతకడం నిజమే కావచ్చు. రైఫిల్ తూటాలు అంత లోతున చెవుల పక్కనుంచి దూసుకుపోవడమే అబద్ధం. ఇంట్లో కూర్చుని ఈ తీర్పు ఎవరమూ చెప్పలేం.

మాకిక్కడ అంత సరంజామా లేదు. ఎండ ఉంది. వేసవి రాగానే ఊరి నుంచి ఫోన్ చేసే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్నా ఉంది: మీ దగ్గర కారు బానెట్ మీద ఆమ్లెట్ వేసుకోవచ్చంట కదా? 2016 జులై 21న కువైట్ ఎడారిలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ పరిశీలించి ఒప్పుకున్న లెక్క అది. అయితే అది నీడలో గాలి వేడి. ఎండలో నిలబెట్టిన ఇనుప రేకు సంగతి వేరు. అటు గుడ్డుకూ దాని లెక్కలున్నాయి. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర మసకబారడం మొదలై, పూర్తిగా గట్టిపడటానికి 80 దాకా అడుగుతుంది. పచ్చసొనకు 65, 70 మధ్యలో సరిపోతుంది.

మా కింది ఫ్లోర్‌లో ఉండే ఏసీ మెకానిక్‌ది రాజంపేట వైపు. ఆయన దగ్గర దూరం నుంచే వేడి చూపించే థర్మామీటరు ఉంది. పాత నల్ల కారూ ఉంది. బానెట్ మీద గుడ్డు కొడితే రంగు పాడవుతుందేమోనని నేను నసిగితే, "రంగు ఎప్పుడో పాయ, కొట్టు న్నా" అన్నాడు. జూన్ మొదటి తేదీ నుంచి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ ఆంక్ష. సరిగ్గా ఆ వేళలోనే మేం జమియాలో, అంటే ఇక్కడి సహకార దుకాణంలో, కొన్న గుడ్ల అట్ట పట్టుకుని పార్కింగ్‌లోకి దిగాం. మా హారిస్, అంటే బిల్డింగ్ కాపలాదారు, తన గది తలుపు సందులోంచి చూసి తల కొట్టుకున్నాడు.

బానెట్ 78 డిగ్రీలు చూపించింది. ఆ అంకె చూడగానే గెలిచేశామనుకున్నాడు మెకానిక్. గుడ్డు కొట్టాం. అంచులు కాస్త పాలరంగుకు తిరిగాయి. నడుమ మాత్రం కొట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. కాసేపటికి మొత్తం జిగురులా ఎండి రేకును పట్టుకుంది. మళ్లీ కొలిస్తే గుడ్డు పడ్డ చోట వేడి 60కి దిగువకు వచ్చేసింది. కారణం కనపడుతూనే ఉంది. బానెట్ పల్చటి రేకు. వేడిగా ఉంటుంది గానీ దాని దగ్గర వేడి నిల్వ ఉండదు. ఉన్న కాస్తా గుడ్డు తాగేస్తుంది. పైగా గుడ్డులోని నీరు ఆవిరవుతూ ఇంకాస్త వేడిని పట్టుకుపోతుంది. మిగతా పని గాలి చూసుకుంటుంది.

ఇక్కడ ఆగితే సగం పనే. ఆమ్లెట్ రావాలంటే ఏం కావాలి? వేడి నిల్వ ఉంచుకునే మందపాటి నల్లటి వస్తువు కావాలి, గాలినీ ఆవిరినీ ఆపే మూత కావాలి, ఆ మూతలోంచి ఎండ లోపలికి దిగాలి. మా ఇంటి దోసె పెనం, గాజు మూత కిందికొచ్చాయి. ఇంట్లో ఏమన్నారో రాయను. పెనాన్ని చాలాసేపు ఎండనిచ్చి, గుడ్డు కొట్టి మూత పెట్టాం. అరగంట పైన పట్టింది గానీ తెల్లసొన తెల్లగా బిగిసింది, పచ్చసొన చుట్టూ గట్టిపడింది. తినడానికి ఎవరూ ముందుకు రాలేదు. "దీనికంటే సిలిండరే చవక న్నా" అని మెకానిక్ తేల్చేశాడు.

ఒక్క గుడ్డుకైతే చవక కాదు గానీ, ఎండతో వండటమే పెద్ద ఎత్తున చేస్తే వంటశాలలే నడుస్తాయి. తిరుమలలో 2002లోనే పెద్ద పెద్ద అద్దాల పళ్లేలతో ఎండను ఒకచోటికి మళ్లించి, ఆవిరి పుట్టించి, వేలమందికి అన్నం వండే ఏర్పాటు చేశారు. అదే ఎండను అద్దాలతో మళ్లించి ఆర్కిమెడిస్ శత్రువుల ఓడల్ని తగలబెట్టాడన్న కథను మాత్రం మిత్‌బస్టర్స్ మూడుసార్లు పరీక్షించారు. మూడోసారి 2010లో, ఒబామా అడిగితే చేశారు. మూడుసార్లూ కథ ఓడిపోయింది. కదలని కుండలోని అన్నం వేరు, సముద్రం మీద కదిలే తడి ఓడ వేరు.

మన వైపు ఇలా పరీక్షించి చూసే విద్యలో ఆరితేరినవాళ్లు టీవీ రాకముందే ఉన్నారు. కడప జిల్లా పల్లెల్లో పీర్ల పండక్కి గుండం తొక్కడం చూడని మనిషి కువైట్ తెలుగువాళ్లలో తక్కువ. అమ్మవారి జాతరల్లోనూ నిప్పుల మీద నడుస్తారు. దీన్ని ఎలా పరీక్షించాలి? నడవడం మోసమని అనలేం, కళ్లెదుటే నడుస్తున్నారు. గోరాగా మనకు తెలిసిన గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడకు మారింది. ఆ కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడవడాన్ని కాదనలేదు. ఏ మంత్రమూ మొక్కూ లేకుండా తామే నడిచి చూపించారు. గ్రహణం వేళ గర్భిణి బయటికి రాకూడదంటే గోరా భార్య సరస్వతీ గోరా గర్భిణిగా ఉండగానే గ్రహణం చూశారు. ఉపన్యాసం కంటే అది చాలా పొదుపైన పద్ధతి.

కొలిమిలా ఎర్రగా ఉన్న బొగ్గు కాలును కాల్చకపోవడానికి కారణం భౌతికశాస్త్రంలోనే ఉంది. బొగ్గు, దాని మీది బూడిద వేడిని చాలా మెల్లగా అందిస్తాయి. అడుగు పడి లేచేది అర సెకను. ఇక్కడి ఇరానీ రొట్టెల దుకాణంలో కుర్రాడు తందూరు నోట్లోకి రోజంతా చెయ్యి పెట్టి తీస్తుంటాడు, ఏమీ కాదు. లోపలి ఇనుప చువ్వ తగిలితే మాత్రం బొబ్బే. అంతే వేడి ఉన్న ఇనుప పలక మీద నడవమంటే ఎంత భక్తుడైనా నడవడు.

బొగ్గు చేసే పనికీ మహిమకూ ఉన్న తేడాను అందరికంటే బాగా పట్టుకున్నది అబ్రహాం కోవూర్ అని నా అభిప్రాయం. కేరళలో పుట్టి శ్రీలంకలో స్థిరపడ్డాడు. గోరాలాగే ఆయనా వృక్షశాస్త్రం పంతులే. మొక్కల మాస్టార్లకు ఈ మహిమల మీద ఎందుకంత పగో! 1963లో ఆయన లక్ష రూపాయల సవాలు విసిరాడు. మోసానికి వీల్లేని పరిస్థితుల్లో మహిమ చూపించినవాళ్లకు ఆ డబ్బు. అందులో ఒక అంశం నిప్పుల గురించే. నడవమని అడగలేదాయన. మండే నిప్పుల మీద అర నిమిషం కదలకుండా నిలబడాలి, కాలికి బొబ్బ రాకూడదు. అంతే. నడవడం బొగ్గు గుణం, నిలబడితేనే మహిమ. పరీక్ష రాయడం అంటే ఇలా ఉండాలి. 1978లో ఆయన పోయేదాకా ఆ లక్ష ఎవరూ గెలుచుకోలేదు.

మంటల మాట వచ్చింది కాబట్టి సినిమా సుమోల సంగతీ క్లుప్తంగా చెప్పేస్తాను. ఫ్యాక్షన్ సినిమాల్లో పేలిన సుమోలన్నిటికీ క్షమాపణ చెప్పాలి మనం. ఎక్కువ సుమోలు నడిచేది డీజిల్ మీద. పెట్రోలు ఆవిరి సున్నాకు దిగువన 40 డిగ్రీల దగ్గర కూడా అగ్గిపుల్లకు అంటుకుంటుంది. డీజిల్ అంత తేలిగ్గా అంటుకోదు, ముందు అది బాగా వేడెక్కాలి. ఫైట్ మాస్టర్లకు ఇది తెలియదనుకోవద్దు. గాల్లోకి లేచే కారు అడుగున నైట్రోజన్ ఒత్తిడితో తన్నే గొట్టాన్ని బిగించేదీ, ఎంత ఒత్తిడికి ఎంత ఎత్తు లేస్తుందో లెక్క చూసుకునేదీ వాళ్లే. ఆ లెక్క తప్పితే లోపలున్న మనిషి బతకడు. తెర మీద అబద్ధం కనిపించాలంటే తెర వెనక లెక్క అంత నిజంగా ఉండాలి.

బంకులో సెల్‌ఫోన్ సంగతి మాత్రం మా వాళ్లందరికీ చెబుతుంటాను, ఎందుకంటే ఇక్కడ మనవాళ్లలో చాలామంది డ్రైవర్లు. ఫోన్ మోగితే పెట్రోలు అంటుకుంటుందా అని మిత్‌బస్టర్స్ తొలి ఏడాదే చూశారు. పెట్రోలు ఆవిరి నింపిన పెట్టెలో ఫోన్ పెట్టి మోగించినా అంటుకోలేదు. మరి బంకుల్లో మంటలు ఎలా వచ్చాయి? అమెరికాలో పెట్రోలియం ఎక్విప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అలాంటి ప్రమాదాలను పోగేసి చూస్తే, ఫోన్ వల్ల వచ్చిందని ఒక్కటీ తేలలేదు. దొంగ స్టాటిక్ కరెంటు. పెట్రోలు పడుతుండగా మనిషి కారులోకి వెళ్లి సీటు మీద కూర్చుంటాడు, బట్టలు సీటుకు రాసుకుని ఒంట్లోకి చార్జి ఎక్కుతుంది, దిగొచ్చి నాజిల్ పట్టుకుంటాడు, చిటుక్కుమంటుంది. కువైట్ చలికాలంలో గాలి పొడిబారినప్పుడు కారు తలుపు ముట్టుకుంటే చురుక్కుమనేది ఇదే. బోర్డు ఉన్నచోట ఫోన్ తీయొద్దు, అది నియమం. అంతకంటే ముందు, నాజిల్ ముట్టేలోపు కారు రేకును ఒట్టి చేత్తో ఓసారి తాకండి.

ఇదంతా విన్నాక మెకానిక్ కాసేపు ఆలోచించి, "అయితే బోర్డు మింద సీటు బొమ్మేసి గీత కొట్టాల గదన్నా, ఫోన్ బొమ్మ ఎందుకేసినారు?" అన్నాడు.