ఏ మీటరు, ఎక్కడ, ఎప్పుడు?

మిల్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్సులో కొత్తగా చేరిన కుర్రాడు పరుగున వచ్చి "సార్, నాలుగొందల ఆంపియర్లు చూపిస్తోంది" అంటాడు. చెయ్యి తిరిగిన పాత మనిషి కుర్చీలోంచి లేవడు. "కౌన్సా మీటర్?" అని అడుగుతాడు. ఏ మీటరు, ఏ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు (సీటీ) మీద ఉంది, రోలర్ల స్టాండులో సరుకు ఉన్నప్పుడు చూశావా, ఖాళీగా తిరుగుతున్నప్పుడా? ఇవి తేలేదాకా ఆ నాలుగొందలకు విలువ లేదు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ పని చేసిన తెలుగువాళ్లకు ఈ హిందీ ప్రశ్న చెవుల్లో మోగుతూనే ఉంటుంది.

రిటైరయ్యాక నేను ఈ ప్రశ్నను లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లల్ని అడుగుతున్నాను. 1959 ఫిబ్రవరిలో భిలాయ్‌లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఉత్తరాంధ్ర నుంచి రైలెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ల మనవలు, మనవరాళ్లు వీళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కాలేజీలో ఇంగ్లిషు. ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే ఏదో ఒక సిమ్యులేషన్ చేసుకొస్తారు. తెర మీద గ్రాఫులు ముచ్చటగా ఉంటాయి. అంకె ఎంత అంటే మౌసు తీసుకెళ్లి గీత మీద పెట్టి, అక్కడ కనబడింది చదువుతారు. "ఏ మీటరు?" అంటే తెల్లమొహం వేస్తారు. ఇందులో మీటరేమిటి తాతగారూ అని.

మీటరు ఉంది. దాన్ని పెట్టింది మనమే కాబట్టి కనబడదు, అంతే. కర్మాగారంలో మీటరును ఎవరో కొన్నారు, ఎవరో బిగించారు, ఇంకెవరో పరీక్షించి చీటీ అంటించారు. తప్పు చూపిస్తే నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. సిమ్యులేషన్‌లో ఆ ముగ్గురూ నువ్వే. సాఫ్ట్‌వేరు మాత్రం ఏ ప్రశ్నకైనా ఆరు దశాంశ స్థానాలతో జవాబు చెబుతుంది. ప్రశ్న సరైనదో కాదో దానికి పట్టదు.

మా వీధి చివరి అమ్మాయి ఒకతి ఈ ఏడాది ఆరు పల్సుల థైరిస్టర్ కన్వర్టరు ప్రాజెక్టు తీసుకుంది. త్రీఫేజ్ కరెంటును డీసీగా మార్చి పెద్ద మోటారు తిప్పే ఏర్పాటు అది. రోలింగ్ మిల్లుల్లో ఒక తరాన్ని నడిపిన సరుకు. ఏసీ మోటార్లు వచ్చినా దాన్ని చదవకుండా మిల్లు కరెంటు అర్థం కాదని నా పట్టుదల. ఈ కన్వర్టరు లైను నుంచి కరెంటును నున్నటి సైన్ తరంగంలా లాగదు. ప్రతి అర్ధ చక్రంలో 120 డిగ్రీలు పూర్తిగా లాగుతుంది, మిగతా 60 డిగ్రీలు వదిలేస్తుంది. బల్లపరుపుగా ఉండే ఆ తరంగంలో 50 హెర్ట్జ్‌తో పాటు 250, 350, 550, 650 ఇలా హార్మోనిక్‌లు కలిసి ఉంటాయి. వాటిని కొలవడమే ప్రాజెక్టు.

మొదటి రోజు ఆనందంగా వచ్చింది. "తాతగారూ, వోల్టేజీలో హార్మోనిక్‌లే లేవు. సున్నా!"

"వోల్టేజీ ఎక్కడ కొలిచావమ్మా?"

"సోర్సు దగ్గర."

ఆ సోర్సు ఆదర్శ సోర్సు. లోపల ఇంపెడెన్స్ లేదు. ఎంత వంకర కరెంటు లాగినా దాని వోల్టేజీ చెక్కుచెదరదు, చెదరకూడదని మనమే గీశాం. అక్కడ మీటరు పెడితే మన ఊహనే మనకు తిరిగి చదివి వినిపిస్తుంది. నిజమైన సబ్‌స్టేషన్‌కు షార్ట్ సర్క్యూట్ లెవెల్ అని ఒక సామర్థ్యం ఉంటుంది. దాన్నిబట్టి సోర్సు వెనక ఇండక్టెన్స్ లెక్కకట్టి పెట్టాలి. మీటరును ఆ ఇండక్టెన్స్‌కు ఇవతల, ఇతర లోడ్లు కూడా కలిసే చోట పెట్టాలి. ఐఈఈఈ 519 ప్రమాణం పెట్టిన హద్దులు వర్తించేది ఆ ఉమ్మడి చోటే. పది అంగుళాల తెర మీద ఈ రెండు బిందువుల మధ్య దూరం బొటనవేలంత. జవాబుల్లో తేడా మాత్రం "సమస్యే లేదు" నుంచి "ఫిల్టరు పెట్టక తప్పదు" దాకా.

తర్వాతి సంగతి ఆర్‌ఎమ్‌ఎస్, అంటే వేడి పుట్టించే లెక్కన కట్టే విలువ. సిమ్యులింక్ సాఫ్ట్‌వేరులో ఆర్‌ఎమ్‌ఎస్ బ్లాకు లాక్కొచ్చి అతికించింది. 230 వోల్టుల స్వచ్ఛమైన సైన్ తరంగం ఇస్తే రీడింగు 210కీ 248కీ మధ్య ఊగుతోంది. సాఫ్ట్‌వేరు చెడిపోయిందేమోనని అనుమానం. ఆ బ్లాకు తయారైంది అమెరికాలో. వాళ్ల కరెంటు 60 హెర్ట్జ్, బ్లాకులో ముందే నింపి ఉండే అంకె కూడా 60. సెకనులో 60వ వంతు కిటికీలోంచి 50 హెర్ట్జ్ తరంగాన్ని చూస్తే ఒక చక్రం పూర్తిగా పట్టదు. పట్టినంత ముక్కకే సగటు కడుతుంది, ఆ ముక్క జరిగేకొద్దీ సగటు ఊగుతుంది. 50 అని మార్చగానే 230 దగ్గర నిలబడింది. ఒక చక్రం పూర్తయ్యేదాకా, అంటే మొదటి 20 మిల్లీసెకన్లు, అది చూపేది నమ్మదగింది కాదన్న మాట కూడా అప్పుడే నోట్సులో రాయించాను.

ఇక్కడ మల్టీమీటర్ల గురించి కొంచెం చెప్పాలి. చవక రకం మల్టీమీటరు తరంగం సగటును కొలిచి, అది సైన్ తరంగమే అనుకుని 1.11తో హెచ్చవేసి చూపిస్తుంది. మన కన్వర్టరు డీసీ వైపు 100 ఆంపియర్లు అయితే లైను కరెంటు అసలు ఆర్‌ఎమ్‌ఎస్ 81.6. ఆ మల్టీమీటరు 74 అంటుంది. తొమ్మిది శాతం తక్కువ. కేబుల్ వేడెక్కేది 81.6కే. సిమ్యులేషన్ 81.6 అనీ, వర్క్‌షాపులో మీటరు 74 అనీ చెప్పినప్పుడు పిల్లలు సిమ్యులేషన్నే అనుమానిస్తారు, ఇనుప వస్తువు అబద్ధమాడదన్న గౌరవంతో. రెండూ తమకు తెలిసిన లెక్కే చెప్పాయి, అడిగిన ప్రశ్నలు వేరు. వర్క్‌షాపు రీడింగుతో పోల్చాలంటే సిమ్యులేషన్‌లో కూడా సగటు కట్టి 1.11తో హెచ్చవేసే మీటరు ఒకటి గీసి పక్కన పెట్టుకోవడం మంచిది. నేనైతే ఎప్పుడూ రెండూ పెట్టిస్తాను.

హార్మోనిక్‌లు విడదీయడానికి ఎఫ్‌ఎఫ్‌టీ వాడతారు. దానికిచ్చిన తరంగం ముక్క అటూ ఇటూ అనంతంగా అలాగే తిరిగి వస్తుందని అది నమ్ముతుంది. చీర అంచును పువ్వు మధ్యలో కత్తిరించి ఇంకో ముక్కకు కలిపి కుడితే అతుకు దగ్గర కొత్త పువ్వు పుట్టినట్టు, చక్రం మధ్యలో తెగ్గోస్తే లేని హార్మోనిక్‌లు పుడతాయి. 0.1 సెకను తీసుకుంటే సరిగ్గా 5 చక్రాలు, 10 హెర్ట్జ్‌కొక మెట్టు, 250 హెర్ట్జ్ సరిగ్గా ఒక మెట్టు మీద కూర్చుంటుంది. 0.09 సెకను తీసుకుంటే నాలుగున్నర చక్రాలు. 50 హెర్ట్జ్ రెండు మెట్ల మధ్య పడి, దాని బలం అటూ ఇటూ కారిపోతుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61000-4-7 మన 50 హెర్ట్జ్‌కు 10 చక్రాలు, అంటే 200 మిల్లీసెకన్లు, కొలవమంటుంది. నిజమైన గ్రిడ్ చాలావరకు 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య కదలాడుతుంది కాబట్టి అక్కడ మీటరు తరంగాన్ని వెంబడిస్తూ కిటికీ సరిచేసుకోవాలి. సిమ్యులేషన్‌లో 50 అంటే 50. ఈ సుఖం కర్మాగారంలో ఎవరికీ దొరకదు.

"ఎప్పుడు" అన్నది ఇంకా చిక్కు. పాఠ్యపుస్తకం స్థిరస్థితి వచ్చాక కొలవమంటుంది. మోటారు ఆర్మేచర్‌కు ఇండక్టెన్స్ ఉంటుంది కాబట్టి మొదట్లో కరెంటు పాకుతూ పెరుగుతుంది. ఐదు టైమ్ కాన్‌స్టెంట్‌లు గడిస్తే లోటు ఒక శాతంలోపుకు వస్తుంది, అక్కడి నుంచి కొలవచ్చు. సరే. రోలింగ్ మిల్లులో స్థిరస్థితి ఎక్కడుంది? ఎర్రటి ఉక్కు దిమ్మె రోలర్ల మధ్యకు దూరగానే కరెంటు ఎగదన్నుతుంది, బయటికి వెళ్లగానే పడిపోతుంది, రివర్సింగ్ మిల్లయితే మోటారు ఆగి వెనక్కి తిరుగుతుంది. భిలాయ్‌లో ఇప్పుడు 130 మీటర్ల పొడవు రైలు పట్టాను ఏక ముక్కగా రోల్ చేస్తున్నారు. అంత పొడవు సరుకు స్టాండులోంచి వెళ్లేటప్పుడు కొంతసేపు నిలకడ ఉంటుందనుకున్నా, దూరే క్షణం, వదిలే క్షణం ఉండనే ఉన్నాయి. అందుకని ఒక్క కిటికీ చాలదు. సరుకు నడుమ ఒకటి, దూరే క్షణం మీద ఒకటి, ఖాళీగా తిరిగేటప్పుడు ఒకటి పెట్టి, దేని రీడింగు దానికి పేరు పెట్టాలి. ఒకే సగటు కింద ఈ మూడింటినీ కలిపేసిన రిపోర్టు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

నా అసలు పట్టు ఇంకోటి. తెలియని దాన్ని కొలిచే ముందు తెలిసిన దాన్ని కొలిచి చూపించాలి. ఇది నేను రైలు పట్టాల పరీక్షలో నేర్చుకున్నాను. అల్ట్రాసోనిక్ యంత్రంతో పట్టా లోపలి పగుళ్లు వెతికే ముందు, కావాలని రంధ్రాలు తొలిచిన ప్రమాణ పట్టా ముక్కను దాని కింద నడుపుతారు. తెలిసిన రంధ్రానికి గంట మోగితేనే మిగతా పట్టాల మీద "లోపం లేదు" అన్న మాట చెల్లుతుంది. గంట మోగకపోవడానికి పగులు లేకపోవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు, ప్రోబు పనిచేయకపోయినా మోగదు.

ఆ అమ్మాయి చేత అదే చేయించాను. ఆదర్శ ఆరు పల్సుల కరెంటుకు లెక్క ముందే తెలుసు. ఐదో హార్మోనిక్ మూలతరంగంలో ఐదో వంతు, 20 శాతం. ఏడోది 14.3. మొత్తం వక్రత, టీహెచ్‌డీ, 31.1 శాతం. కన్వర్టరును పక్కన పెట్టి, ఆ ఆకారపు తరంగాన్ని నేరుగా గీసి, తను పెట్టిన కొలతల గొలుసు గుండా పంపమన్నాను. 29.0 వచ్చింది. ఐదోది సరిగ్గా 20, ఏడోది సరిగ్గా 14.3, మొత్తం మాత్రం తక్కువ. అరగంట వెతికి తనే పట్టుకుంది: లెక్క 1250 హెర్ట్జ్ దగ్గర, అంటే 25వ హార్మోనిక్ దగ్గర, ఆపమని సెట్టింగులో ఉంది. ఐఈఈఈ 519 చెప్పినట్టు 50వ దాకా తీసుకుంటే 30.0. అనంతం దాకా వెళితేనే 31.1. తరంగం ఒకటే, టీహెచ్‌డీలు మూడు. రిపోర్టులో ఎంతవరకు లెక్కించామో రాయకుండా శాతం ఒక్కటే రాస్తే దాన్ని ఎవరితోనూ పోల్చలేం.

కర్సరు పెట్టి చదవడం నాకు నచ్చకపోవడానికి కూడా కారణం ఇదే. చదివింది ఎక్కడ, ఎప్పుడు అన్నదానికి ఆనవాలు మిగలదు. 1973లో బర్కిలీలో డొనాల్డ్ పెడర్సన్ దగ్గర లారెన్స్ నేగెల్ తయారుచేసిన స్పైస్ వంశపు ప్రోగ్రాముల్లో ఇప్పుడు కొలతనే ఒక వాక్యంగా, సర్క్యూట్‌తో పాటు రాసిపెట్టొచ్చు. ఫలానా నోడు, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా, ఆర్‌ఎమ్‌ఎస్. రేపు ఇంకొకరు ఫైలు తెరిస్తే మీటరు ఎక్కడుందో కనబడుతుంది. లాగ్‌బుక్కులో సంతకంతో రాసిన రీడింగులా. వాటిలోనూ చూసుకోవాల్సినవి ఉన్నాయి. ఎల్టీస్పైస్ డిస్కు ఖాళీ మిగల్చడానికి తరంగాన్ని కుదించి దాస్తుంది, ఆ పని మానిపించకుండా ఎఫ్‌ఎఫ్‌టీ తీస్తే అడుగున లేని రొద కనబడుతుంది. ఎన్‌జీస్పైస్ సమయం అడుగులను ఎక్కువా తక్కువా వేస్తుంది, ఎఫ్‌ఎఫ్‌టీకి ముందు వాటిని సమానం చేయమని చెప్పాలి. లైసెన్సు కొనలేని పిల్లలకు ఐఐటీ బాంబే ఫోసీ బృందం ఇస్తున్న ఈసిమ్ ఉచితం, దాని లోపల నడిచేది ఎన్‌జీస్పైసే.

ఆ అమ్మాయి ఇప్పుడు పన్నెండు పల్సులకు వచ్చింది. రెండు బ్రిడ్జిలు, మధ్య 30 డిగ్రీల తేడా, ఐదూ ఏడూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి, టీహెచ్‌డీ 15.2కు దిగాలి. ఈసారి ఆ అంకెలు కాగితం మీద రాసుకున్నాకే రన్ నొక్కింది. 15 చుట్టుపక్కలే ఉంది కానీ, ఎక్కడా ఉండకూడని చిన్న చిన్న మొనలు స్పెక్ట్రమ్ నిండా లేచాయి. చాలా బాగా వచ్చింది కదా, వదిలేద్దామా అన్నట్టు చూసింది. నేను మాట్లాడలేదు. కాగితం తీసుకుంది. 50 హెర్ట్జ్‌లో 30 డిగ్రీలంటే 1666.7 మైక్రోసెకన్లు. తను పెట్టిన అడుగు 50 మైక్రోసెకన్లు. భాగిస్తే 33 అడుగులు, ఇంకో మూడో వంతు. థైరిస్టర్ అడుగు మధ్యలో వెలగలేదు కాబట్టి ఒక్కోసారి ముందుకీ వెనక్కీ జరుగుతోంది. అడుగును సెకనులో 60,000వ వంతు చేస్తే 30 డిగ్రీలకు సరిగ్గా 100 అడుగులు పడతాయి. అదే టైపు చేసి మళ్లీ రన్ పెట్టింది. అడుగులు మూడింతలయ్యాయి కాబట్టి, పాత లాప్‌టాప్ మీద అది పూర్తయ్యేలోగా టీ తాగొచ్చు.