వెంట్రుకవాసి పనితనం
1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన టీ206 బేస్‌బాల్ కార్డులు చూస్తే నాకు ఆటగాళ్లకంటే ముందు లితో ప్రెస్సు పనివాళ్లే గుర్తొస్తారు. ఒక్కో రంగుకూ ఒక్కో అచ్చు. పసుపు, గులాబీ, నీలం, నలుపు ఒకదాని మీద ఒకటి సరిగ్గా అదే చోట పడాలి. కార్డు ఎత్తు రెండున్నర అంగుళాల పైచిలుకే. వెంట్రుకవాసి జరిగినా ఎరుపు పెదవి దాటి గడ్డం మీదికి పాకుతుంది.

అందుకే ఒకే ఆటగాడి కార్డులు రెండు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకదానిలో ముఖం ప్రాణంతో ఉంటుంది, వెనక ఆకాశం నారింజలోంచి పసుపులోకి మెత్తగా కరుగుతుంది. రెండోదానిలో సిరా పలచబడి, టోపీ అంచు రెండు గీతలవుతుంది. ఒక రంగు అసలు పడకుండానే బయటికొచ్చినవీ ఉన్నాయి. వాటినీ ఇష్టంగానే చూస్తాను, ఏ రంగు ఎంత పని చేసేదో అవే చెబుతాయి. 1911 నాటి మరో వరుస, టీ205 కార్డులకి బంగారు అంచు అందం, అదే బలహీనత: చేయి తగిలితే రాలుతుంది.

టీ206 వరుసలోని ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడైంది. నన్నడిగితే, పీడ్‌మాంట్ సిగరెట్ పెట్టెలో వచ్చిన, రంగులన్నీ కుదిరిన మామూలు కార్డే చాలు.