అప్పు ఎగ్గొట్టిన రాణి

రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కథని ఒకసారి చిట్టా పుస్తకం చదివినట్టు చదివి చూడండి. పిండిమర నడిపే ఒకాయన తన కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని రాజు ముందు కోతలు కోస్తాడు. రాజు ఆ పిల్లని గడ్డి నింపిన గదిలో పెట్టి తాళం వేయించి, తెల్లారేసరికి అదంతా బంగారం కాకపోతే ప్రాణం తీస్తానంటాడు. ఎక్కణ్ణించో ఒక మరుగుజ్జు వచ్చి మొదటి రాత్రి మెడలో గొలుసుకి, రెండో రాత్రి వేలి ఉంగరానికి, మూడో రాత్రి ఆమెకి పుట్టబోయే తొలిచూలు బిడ్డకి బేరం కుదుర్చుకుని, ఆ పని చేసిపెడతాడు. బాకీ వసూలుకి వచ్చిన రోజు, రాణి ఏడుస్తుంటే జాలిపడి, తన పేరేమిటో చెప్పగలిగితే బిడ్డని వదిలేస్తానని మూడు రోజులు గడువు కూడా ఇస్తాడు. ఇప్పుడు లెక్క చూడండి. అబద్ధమాడిన తండ్రికి ఏ శిక్షా లేదు. చంపుతానన్న రాజుకి బంగారమూ భార్యా దక్కాయి. మాటిచ్చిన అమ్మాయి మాట తప్పి సుఖపడింది. చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడు మాత్రం తన పేరు బయటపడిన కోపంలో తనని తానే రెండుగా చీల్చుకుని చచ్చాడు. జానపద కథల్లో న్యాయం గెలుస్తుందని పిల్లలకి చెబుతుంటాం కానీ, ఈ కథలో గెలిచింది న్యాయం కాదు, సింహాసనం.

మంచి పునఃకథనం పుట్టేది ఇలాంటి తేలని పద్దు దగ్గరే అని నా వాదన. పాత కథ దాటేసిన లెక్కని బయటికి తీసి తేల్చబోయేదే నిలుస్తుంది. పాత్రల రంగులు తారుమారు చేసి ఊరుకునేది అంతగా నిలవదు. అయితే ముందుగా ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. తరతరాలుగా వస్తున్న కథని ఎవరో ఒక నవలాకారిణి మార్చేయడమేమిటి, అసలు కథని అసలు కథలాగే ఉంచాలి కదా అంటారు కొందరు. ఆ అసలు ఎక్కడుందో చూపించడమే కష్టం. గ్రిమ్ సోదరుల సంపుటం 1812లో మొదలై 1857లో ఏడో కూర్పు దాకా మారుతూనే వచ్చింది. 1812లో స్నోవైట్‌ని చంపించబోయింది కన్నతల్లే. 1819 కూర్పుకి ఆమె సవతితల్లి అయింది. రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కూడా 1812లో కోపంగా పారిపోతాడంతే, చీల్చుకోవడం తర్వాత వచ్చి చేరింది. ఇంకా వెనక్కి వెళితే, 1810 నాటి వాళ్ల రాతప్రతిలో కథ పూర్తిగా అడ్డం తిరిగి కనిపిస్తుంది. అక్కడ పిల్ల కష్టం బంగారం రాకపోవడం కాదు, అవిసెనార వడకబోతే దారం రాకుండా బంగారమే రావడం! పనికొచ్చే నూలు ఇంట్లోకి కావాలి గానీ బంగారుతీగ ఏం చేసుకోను అని ఏడ్చే పిల్ల ఆమె. నూలు వడికే ఆడవాళ్ల నోట పుట్టినట్టుండే ఆ ఏడుపు, రాజుగారి ఆశ కిందపడి మాయమైపోయింది. కథని మార్చడం నేటి రచయితలు మొదలుపెట్టిన పని కాదు. గ్రిమ్ సోదరులు చేసిందీ అదే, కాకపోతే వాళ్లు దాన్ని సేకరణ అన్నారు.

మార్చినవన్నీ మంచివని కాదు. ఈ మధ్య కాలంలో ఎక్కువగా అమ్ముడుపోతున్న పద్ధతి ఒకటుంది: పాత విలన్‌కి ఒక గాయం తగిలించడం. 2014లో డిస్నీ తీసిన 'మేలఫిసెంట్' సినిమాలో మంత్రగత్తె రెక్కల్ని ఆమె ప్రేమించినవాడే కోసుకుపోతాడు కాబట్టి, ఆమె శాపం మనకి అర్థమవుతుంది. అర్థమవడం సరే, ఆ తర్వాత? చెడ్డవాడనుకున్నవాడు మంచివాడయ్యాడు, ఆ ఖాళీలోకి ఇంకొకణ్ణి చెడ్డవాడిగా తెచ్చిపెట్టారు. కుర్చీల్లో మనుషులు మారారు గానీ కుర్చీలు అక్కడే ఉన్నాయి. దీనికంటే వివియన్ వాండ్ వెల్డ్ 2000లో తెచ్చిన చిన్న పుస్తకం 'ది రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ ప్రాబ్లమ్' నాకు ఎక్కువ నచ్చుతుంది. గదినిండా బంగారం వడకగలవాడికి ఒక చిన్న ఉంగరం ఎందుకు కూలిగా, అనే చిలిపి ప్రశ్న దగ్గర మొదలై అదే కథని ఆరు రకాలుగా చెబుతుందామె. డయాన్ స్టాన్లీ 1997లో వేసిన బొమ్మల కథలో ఆ పిల్ల రాజుని కాదని మరుగుజ్జునే పెళ్లాడుతుంది. చక్కటి లౌక్యం.

ఈ కోవలో నేను పెద్దపీట వేసేది నవోమి నోవిక్ 2018లో రాసిన 'స్పిన్నింగ్ సిల్వర్' నవలకి. లిథువేనియాని తలపించే ఒక చలిదేశంలో, మిర్యెమ్ అనే యూదు అమ్మాయి తండ్రి వడ్డీవ్యాపారి. మెత్తటి మనిషి కావడంతో ఊరంతా అతని దగ్గర అప్పు తీసుకుని ఎగ్గొడుతుంది, ఇంట్లో తల్లి జబ్బుపడుతుంది. మిర్యెమ్ అప్పుపత్రాలు పట్టుకుని మంచులో ఇంటింటికీ వసూలుకి బయలుదేరుతుంది. ఈ కథ అసలు సంగతి బాకీ ఎగ్గొట్టడమేనని ఆమె మొదటి పేజీల్లోనే తేల్చేస్తుంది. వెండి తీసుకుని బంగారం చేస్తానని ఆమె అన్న మాట మంచురాజు చెవిన పడుతుంది, అతను మూడుసార్లు వెండినాణేలు తెచ్చి పడేస్తాడు. ఆమె చేసే మాయ ఏమిటంటే, ఆ వెండిని కంసాలికిచ్చి ఉంగరం, హారం, కిరీటం చేయించి, దొరకి బంగారానికి అమ్మడం. పాత కథలో అద్భుతమనిపించినది ఇక్కడ శుద్ధ వ్యాపారం. పైగా, పరాయి మనిషి, బంగారం, బిడ్డని ఎత్తుకుపోతాడన్న భయం, ఈ మూడూ కలిసిన ఆ మరుగుజ్జు బొమ్మలో యూరప్ యూదుల మీద పెంచుకున్న అసహ్యపు నీడని చాలామంది చూశారు. గ్రిమ్ సంపుటంలో యూదుణ్ణి ముళ్లపొదలో గంతులు వేయించి ఉరితీయించే కథ కూడా ఉన్నదని మరిచిపోకూడదు. తండ్రి వైపు లిథువేనియా యూదు మూలాలున్న నోవిక్, ఆ మరుగుజ్జు మీద జాలి చూపించమని అడగలేదు. అప్పిచ్చిన పాపానికి అసహ్యించుకోబడ్డ ఇంటి పద్దుపుస్తకం తెరిచి చూపించింది.

జానపద కథ బలమంతా దాని సాదాతనంలో ఉంది, పాత్రలకి మనసు తగిలిస్తే కథ బరువెక్కి కూలిపోతుందనే అభ్యంతరం మొదటిదానికంటే గట్టిది. నిజమే. ఏడు చేపల కథలో కుట్టిన చీమకి బాల్యం ఎలా గడిచిందని ఎవరైనా ఆరా తీయబోతే కథ అక్కడికక్కడే చస్తుంది. అందుకే నోవిక్ మంచురాజు జోలికి పోయి అతని లోపలి వ్యథ విప్పి చెప్పదు. ప్రతిఫలం లేకుండా ఏదీ పుచ్చుకోకూడదు, ఉత్త కృతజ్ఞతతో సరిపెట్టకూడదు అనే అతని జాతి నియమాలు కథలో రాయిలా ఉంటాయి, మారవు. మనసున్నది మనుషులకి, నియమం మాయకి. ఆ రెండూ గుద్దుకున్న చోటే నవల నడుస్తుంది.

మనకి ఈ పని కొత్తేమీ కాదు. ఓల్గా 'విముక్త'లో సీత శూర్పణఖని, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుసుకుంటుంది. రామాయణం తలొక మూల వదిలేసిన ఆడవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఏమవుతుందన్నదే అక్కడ తేలాల్సిన లెక్క. 2015లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కానీ మన తిరగరాతల చూపంతా రామాయణ భారతాల మీదే. కాశీమజిలీ కథల్లోనూ చందమామ పాత సంచికల్లోనూ రాకుమారుడి పందెంలో బహుమతిగా పోయిన రాకుమార్తెలు, వరమిచ్చి మోసపోయిన రాక్షసులు కుప్పలుగా ఉన్నారు. వాళ్ల జోలికి పెద్దల సాహిత్యం పెద్దగా వెళ్లినట్టు కనబడదు. పురాణమైతే కొట్లాడటానికి విలువైన ప్రత్యర్థి అనీ, చందమామ కథ పిల్లలదనీ మనలో ఒక చిన్నచూపు ఉందేమో.

'స్పిన్నింగ్ సిల్వర్'లో లోపం లేదనను. మిర్యెమ్‌ని మంచురాజు ఎత్తుకుపోతాడు; ఎత్తుకుపోయినవాడితో చివరికి కథానాయికకి మనసు కలవడం ఈ జాతి నవలలకి పట్టిన పాత రోగం. అంత లెక్కల మనిషైన మిర్యెమ్ కూడా ఆ ఒక్క పద్దు దగ్గర ఉదారంగా కొట్టివేత రాసిందనిపిస్తుంది. కథ చెప్పే గొంతులు మరీ ఎక్కువయ్యాయని విసుక్కునేవాళ్లూ ఉన్నారు. ఆ విసుగుని మాత్రం నేను ఒప్పుకోను, ఎందుకంటే వాండా లేకపోతే ఈ నవలకి సగం బలం పోతుంది. వాండా తండ్రి తాగుబోతు రైతు. అతని బాకీ కింద వాండా మిర్యెమ్ ఇంట్లో పనికి కుదురుతుంది. మిర్యెమ్ లెక్కలో అది బాకీ తీర్పించుకోవడం. వాండాకి మాత్రం రోజూ దెబ్బలు తినే కొంప నుంచి కొన్ని గంటల విడుదల, ఒక పూట వేడి తిండి. తండ్రికి తెలియకుండా చేతికందే చిల్లర ఆమెది. మిర్యెమ్ ఆమెకి అంకెలు నేర్పిస్తే, కాగితం మీద గీతలు గింజల సంచులుగా మారడం ఆమెకి మంత్రవిద్యలా కనిపిస్తుంది. తండ్రి ఎంత బాకీ ఉన్నాడో, తను ఎంత తీర్చిందో, ఇంకెన్నాళ్లు పని చేయాలో వాండా ఇప్పుడు స్వయంగా లెక్క వేసుకోగలదు. గ్రిమ్ సోదరుల కూర్పుల్లో ఏ పిండిమర ఆయన కూతురికీ ఆ వీలు దొరకలేదు.