పళ్లెంలో వెలుతురు లెక్క

ఎడ్మంటన్ మీదుగా పారే నార్త్ సస్కాచెవాన్ నది పుట్టేది హిమానీనదంలోనే అయినా, వసంతంలో మంచు కరిగిన నీళ్లు నేలను కడిగి తెచ్చి కలిపాక పలచటి టీ రంగుకు తిరుగుతుంది. ఆకులు, వేళ్లు, నాచు కుళ్లి వదిలిన సేంద్రియ పదార్థమే ఆ రంగు. నీటి శుద్ధి కేంద్రాలకు అదొక బెడద. క్లోరిన్‌తో కలిస్తే అక్కర్లేనివి ఎన్నో తయారవుతాయి. కానీ ఎండ తగిలితే అదే పదార్థం నీళ్లలోని మందుల అవశేషాలనూ పురుగుమందులనూ విరగ్గొడుతుంది.

వెలుతురును పీల్చుకున్న సేంద్రియ అణువు కాసేపు ట్రిప్లెట్ అనే ఉత్తేజిత స్థితిలో ఉంటుంది. ఆ శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందిస్తే సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుంది. లేదా తానే ఫినాల్ లాంటి అణువు నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటుంది. సహజ జలాల్లో సింగ్లెట్ ఆక్సిజన్ పుడుతుందని రిచర్డ్ జెప్ బృందం 1977లోనే చూపింది. కడుపుమంటకు వాడే సిమెటిడిన్ ఎండ తగిలే నీళ్లలో విరిగిపోయేది ముఖ్యంగా సింగ్లెట్ ఆక్సిజన్ వల్లే. దాని వరసదే అయిన రానిటిడిన్ మాత్రం వెలుతురు నేరుగా తగిలి విరుగుతుంది.

చిక్కేమిటంటే, ఈ పదార్థం సాయం చేస్తూనే అడ్డూ పడుతుంది. తాను పీల్చుకున్న వెలుతురు కింది నీళ్లకు అందదు. సాయమెంత, అడ్డెంత అని విడదీయాలంటే ముందు వెలుతురు లెక్క సరిగ్గా ఉండాలి. ఎడ్మంటన్‌లో పనిచేసిన కాంతిరసాయన శాస్త్రవేత్త జేమ్స్ బోల్టన్ పనితనం నన్ను కట్టిపడేసింది ఇక్కడే.

2003లో కార్ల్ లిండెన్‌తో కలిసి ఆయన ప్రచురించిన పద్ధతి అతినీలలోహిత దీపం కింద పెట్టిన చిన్న గాజు పళ్లెం గురించి. పళ్లెం నడుమ మీటరు పెట్టి చూసిన అంకెతో ఆయన సరిపెట్టుకోలేదు. మీటరును అడ్డంగా, నిలువుగా 5 మిల్లీమీటర్లకొకసారి జరుపుతూ కొలిచి, ఆ సగటును నడిమి అంకెతో భాగించమన్నారు. నీటి ఉపరితలం తిప్పికొట్టే 2.5 శాతాన్ని తీసేయమన్నారు. దీపానికి దూరమయ్యే కొద్దీ కిరణాలు విచ్చుకుంటాయి కాబట్టి నీటి లోతుకూ ఒక సవరణ పెట్టారు. ఒక్కొక్కటీ చిన్నదే, కానీ ఏదీ వదిలేయలేదు.

వీటిలో నాకు అన్నిటికంటే నచ్చింది నీళ్లే పీల్చుకునే వెలుతురుకు చేసే సవరణ. ఒక తరంగదైర్ఘ్యం దగ్గర, పైన పడ్డ కాంతిలో పదో వంతే అడుగుకు చేరుతోందనుకుందాం. సగటు ఎంత? పైన 100, అడుగున 10, కాబట్టి 55 అనిపిస్తుంది. అది తప్పు. వెలుతురు పైపొరల్లోనే ఎక్కువగా తరిగిపోతుంది కనుక అసలు సగటు 39 శాతమే. పళ్లెంలో నీళ్లను కలుపుతూనే ఉంటారు, కాబట్టి ప్రతి అణువు వాటాకు వచ్చేది ఆ సగటే.

సూర్యకాంతి ప్రయోగాల్లోనూ ఇదే గణితాన్ని తరంగదైర్ఘ్యం వారీగా వాడతారు. తేటనీటిలోనూ గోధుమరంగు నీటిలోనూ ఒక మందు ఒకే వేగంతో విరిగిందనుకోండి. సేంద్రియ పదార్థం ఏమీ చేయలేదని చేతులు దులుపుకోవచ్చు. కానీ రెండో పళ్లెంలో అందిన వెలుతురు 39 శాతమే అయితే, మిగతా 61 శాతం పని ఎవరిది? సేంద్రియ పదార్థానిదే! సవరణ చేయకపోతే ఆ పని కంటికే ఆనదు.

ఆ పనిలో సింగ్లెట్ ఆక్సిజన్ వాటా తేల్చడానికి భారజలం వాడతారు. మామూలు నీటిలో సింగ్లెట్ ఆక్సిజన్ ఉండేది సెకనులో పది లక్షో వంతులు ఓ నాలుగు మాత్రమే. భారజలంలో అంతకు పదిరెట్లకు పైగా బతుకుతుంది. అక్కడ మందు మరింత త్వరగా విరిగితే అది సింగ్లెట్ ఆక్సిజన్ పనేనని తెలుస్తుంది. ఇంత సూటి పరీక్ష అరుదు.

ఇదంతా సెంటీమీటరు లోతు పళ్లెం మాట. వసంతపు నదిలో అడ్డుపడేది రంగు మాత్రమే కాదు, బురద కూడా. అక్కడ ఈ రసాయనమంతా దాదాపు పైపొరలోనే జరుగుతుంది. పళ్లెంలో తేలిన వేగాన్ని నదికి అంటగట్టే ముందు నీటి సవరణను నది లోతుకు మళ్లీ కట్టాల్సిందే.